అక్క భుజం మీది చెయ్యి

మా అక్కకు స్టూడియో వాళ్ళంటే గిట్టేది కాదు. పోయినవాళ్ళ పటాలు చూసి చూసి ఆమెకు ఆ కోపం పట్టుకుంది. మా ప్రొద్దుటూరులో ఏ ఇంట్లో కాలుపెట్టినా గోడమీద ఒక ముసలాయనో, ముసలమ్మో తెల్లగా, నున్నగా, నీలం మేఘాల మధ్య కూర్చుని ఉంటారు. పొలంలో ఎండకు మాడిన మొహం మీద ఒక్క ముడత ఉండదు. పుట్టినప్పటినుంచి పంచె తప్ప ఎరగని మనిషికి కోటు తొడుగుతారు. మా వీధిలో ఒకామె బతికినన్నాళ్ళూ నూలుచీరలే కట్టింది, పోయిన తరువాత పటంలో పట్టుచీర వచ్చింది. ఆ పటం చూసి ఇంటికొచ్చిన రోజు అక్క నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"అబ్బీ, నేను పోతే నా పటం ఆ స్టూడియో వాళ్ళ చేతికి ఇయ్యాకు. నన్ను తెల్లగ జేసి మేఘాల్లో కూచోబెడ్తారు. నాకు ఎత్తులంటే బయం."

నేను నవ్వి సరేనన్నాను. అక్క నవ్వలేదు. "సరే అంటే సరిపోదు, గుర్తు పెట్టుకో" అని లోపలికి పోయింది.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పులివెందుల పక్కన చీనీ, అంటే బత్తాయి, తోటలున్న ఇంటికి కోడలుగా పోయింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే బావ జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. అత్తింటివాళ్ళు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. అక్కే తన ట్రంకుపెట్టె తీసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. తరువాత అమ్మ, నాయన ఒకరి వెనక ఒకరు పోయారు. నేను బట్టల అంగట్లో మీటరు కడ్డీ పట్టుకుని గుడ్డ కొలిచి కత్తిరించే పనిలో ఉండిపోయాను. నాకూ సంబంధాలు రాకపోలేదు. వచ్చారు, చూశారు, ఉప్మా తిన్నారు, పోయారు. ఇంట్లో ఆడబిడ్డ ఉంటుందని తెలిసి కొందరు, నా జీతమెంతో తెలిసి కొందరు. అక్క రెండ్రోజులు మొహం వేలాడేసుకుని, మూడోరోజు "పోనీలే, ఆ పిల్ల అదృష్టం మంచిది" అనేది. అట్లా అనుకుంటూ అనుకుంటూ ఒకే ఇంట్లో ఇద్దరమూ ముసలివాళ్ళమైపోయాం.

మోకాళ్ళు నిలబడనివ్వక అంగడి మానేసినప్పుడు యజమాని కొడుకు తను వాడి పక్కన పడేసిన చిన్న కెమెరా ఒకటి నా చేతిలో పెట్టాడు. సన్మానమనుకో, వదిలించుకోవడమనుకో. దాంతో వీధిలో కనిపించిన పిల్లలకంతా ఫోటోలు తీశాను. తీసినవాటిని అచ్చు వేయించాలంటే మళ్ళీ ఆ స్టూడియోకే పోవాలి. అక్కకు పంతం వచ్చింది. మనమే అచ్చేసుకుంటే ఏం పోయిందని, గాంధీ రోడ్డులో ఒక అంగట్లో బేరమాడి ప్రింటరు కొనిపించింది. మా ఇంట్లో కంప్యూటరు లేదు, పెద్ద ఫోనూ లేదు. అంగడివాడు పర్వాలేదన్నాడు. కెమెరాలోని కార్డు తీసి దీని పక్కనున్న సందులో పెడితే చాలు, ముందున్న అగ్గిపెట్టెంత తెరమీద ఫోటో కనిపిస్తుంది, కావలసిన సవరింపులన్నీ అందులోనే చేసుకోవచ్చు, మీట నొక్కితే కాగితం వస్తుంది.

ప్రింటరును కిటికీ కింద మోడా మీద పెట్టాం. ఆ ఎత్తులో తెర నాకు కనిపించదు. వంగితే మోకాలు పట్టేస్తుంది, నిలబడితే చూపు ఆనదు. అందుకని అక్క పీట వేసుకుని తెరకు ఎదురుగా కూర్చునేది. తెరమీద వచ్చే ఇంగ్లీషు మాటలు అక్కకు రావు, మొదట్లోనే నేను ఏ మీట ఎందుకో చదివి గుర్తుపెట్టుకున్నాను. నేను తడుముకుంటూ మీటలు నొక్కేవాణ్ణి, అక్క చూసి చెప్పేది.

"ఎడమకు జరుపు. ఇంకా. ఇంకా. శానా జరిపినావు, పిల్లోని చెవి తెగింది. ఎనక్కి రా."

"వచ్చినా."

"ఇప్పుడు నెత్తి తెగింది. నువ్వు అంగట్లో గుడ్డ కూడా ఇట్లే కత్తిరిస్తాంటివా ఏంది?"

ఒక ఫోటో బయటికి వచ్చేలోపు పొయ్యిమీద అన్నం ఉడికేది. తడి ఆరకముందే అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ పిల్లల ఇంటికి పోయి ఇచ్చి వచ్చేది. మధ్యాహ్నాలు అట్లా గడిచిపోయేవి. ఆ రోజులు బాగున్నాయని అప్పుడు నాకు తెలియలేదు.

ఒకసారి మాత్రం పెద్ద గొడవే అయింది. పక్కింటామె, మమ్మల్ని అత్తా, మామా అని పిలుస్తుంది, తన పెళ్ళిరోజున మొగుడితో కలిసి ఫోటో తీయించుకుంది. ఫ్లాషు వెలుగుకు ఆయన కళ్ళు రెండూ ఎర్రగా పిల్లికళ్ళలా మెరిశాయి. కళ్ళలో ఎరుపు తీసేసే మీట ఒకటి ఉందని నాకు తెలుసు. నొక్కాను. కళ్ళు నల్లబడ్డాయని అక్క చెప్పింది. ఆమె కళ్ళవైపే చూస్తోంది కాబట్టి మిగతాది చూసుకోలేదు. కాగితం బయటికి వచ్చాక చూస్తే ఆ డబ్బా పక్కింటామె నుదుటిమీది కుంకుమబొట్టును కూడా ఎర్రబడ్డ కన్నే అనుకుని నల్లగా చేసేసింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఏందత్తా ఇది! మొగుడు పక్కనుండంగానే నా బొట్టు మాడ్సినారే!"

అక్క వంటింట్లోకి పోయి కుంకుమలో రెండు చుక్కల నూనె కలిపి, అగ్గిపుల్లతో ఆ ఫోటోమీద నల్లచుక్క మీదే గుండ్రంగా బొట్టు పెట్టింది. "ఇదో, ఇంగ నీ మొగుడు నూరేండ్లు బతుకుతాడు, పో" అంది. పక్కింటామె నవ్వేసింది. ఆమె పోయాక అక్క వేలికి అంటిన కుంకుమను కొంగుకు తుడుచుకుంది. అక్క నుదుటికి కుంకుమ లేక అప్పటికి నలభై ఏళ్ళు. నేను మొహం తిప్పుకుని కార్డు తీసి కెమెరాలో పెట్టాను.

పోయిన ఏడాది ఎండాకాలం చివర, పగటిపూట, గిన్నెలు తోముతూ వీపు నొప్పిగా ఉందని వచ్చి పడుకుంది. నేను ఆటో పిలుచుకొచ్చేసరికి అయిపోయింది. సాయంత్రానికి పులివెందుల నుంచి జీపు వచ్చింది. అక్క తమ ఇంటి మనిషని, మొగుడి పక్కన చోటుందని, అక్కడే పెట్టాలని అత్తింటివాళ్ళు అన్నారు. అది న్యాయమే. చీనీ తోట చివర బావ సమాధి పక్కనే పెట్టారు. చేయాల్సినవన్నీ ఆమె మరిది చేశాడు. తమ్ముడికి అక్కడ చేసేందుకు పనేమీ ఉండదు. వచ్చిన వందమందిలో నేనూ ఒకణ్ణిగా నిలబడి, అందరితోపాటు గుప్పెడు మట్టి వేసి, బస్సెక్కి వచ్చాను.

ఆ తరువాత ప్రింటరు మీద నేనే ఒక తువ్వాలు కప్పాను. దాన్ని తీయాల్సిన పని మళ్ళీ ఏడాదివరకూ రాలేదు.

అక్క మరిదిని నేను బావా అనే పిలుస్తాను. మంచివాడే, మాటే కొంచెం మొరటు. సంవత్సరీకం ఇంకో వారముందనగా ఫోను చేశాడు.

"అప్పా, మా అన్న పటం పక్కన వదిన పటం పెట్టాల. ఈడ మా తాన పెండ్లినాటిది తప్ప ఏం లేదు. నీ తాన ఏమన్నా ఉంటే తీస్కరా. లేకుంటే ఏం పర్వాలా, ఆధార్ కార్డు మీద ఉండాది గదా, స్టూడియోలో ఇస్తే దాన్నే పెద్దది జేస్తారు. రంగు గూడ పెంచుతారు."

 ఆధార్ కార్డులో ఎవరూ బాగుండరు, అక్క మరీ అన్యాయం, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉంటుంది. ఆ మొహానికి తెల్లరంగు పూసి మేఘాల్లో కూర్చోబెడితే ఇంక చెప్పేదేముంది. గోడమీద ఒకసారి ఎక్కిన పటాన్ని ఎవరూ దించరు. రేపు ఆ ఇంట్లో పుట్టే పిల్లలకు మా అక్కంటే ఆ మొహమే. నేను తెస్తాను బావా, స్టూడియోకు ఇవ్వొద్దు అని రెండుసార్లు చెప్పి ఫోను పెట్టేశాను.

తువ్వాలు తీసి, దుమ్ము తుడిచి, కార్డు పెట్టాను. తెర చూడాలి కదా, ప్రింటరును మోడా మీద నుంచి ఎత్తి భోజనాల బల్లమీద పెట్టుకున్నాను. కళ్ళజోడు పైన భూతద్దం. ఒక్కొక్క ఫోటో జరుపుతూ పోతే ఊళ్ళో పిల్లలందరూ ఉన్నారు, పక్కింటి మేక ఉంది, మా ఇంటి గోరింటచెట్టు ఉంది, అక్క లేదు. ఉన్నచోట వీపు, లేకపోతే కొంగు. నేను కెమెరా ఎత్తగానే మొహం తిప్పుకునే అలవాటు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆమె మొహం ఒక్కటి సరిగా దొరక్కపోయేసరికి నా మీద నాకే విసుగొచ్చింది.

చివరికి దొరికింది. జమ్మలమడుగులో మా యజమాని చుట్టాల పెళ్ళికి పోయినప్పటిది. భోజనాలయ్యాక అక్క, ఇంతదూరం వచ్చి గండికోట చూడకుండా పోతే ఎట్లా అంది. ఆటో మాట్లాడుకుని పోయాం. కోట, మసీదు, ధాన్యాగారం అన్నీ చూసి, పెన్న పారే లోయ అంచుకు పోయాం. ఎత్తులంటే భయమన్న మనిషి బండమీద నుంచి బండమీదికి పాకి, అందరికంటే ముందుకు పోయి కూర్చుంది. కూర్చున్నాక కింద చూసింది. అప్పుడు తెలిసొచ్చింది ఎక్కడ కూర్చుందో.

"అబ్బీ, యాడున్నావురా! పట్టుకోరా!"

పోయి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. అక్క నా చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుంది. ఎవరో చూడవచ్చిన పిల్లవాణ్ణి పిలిచి కెమెరా ఇచ్చాను. అతను గురి చూస్తుండగా అక్క అంది, "గెట్టిగ పట్టుకో. నేను పడితే నీకు సంగటి కెలికేదెవురు?" తన మాటకు తనే పకపకా నవ్వింది. కళ్ళు మూసుకుపోయి, పై పళ్ళు, లేని పన్నుతో సహా కనిపించేట్టు నవ్వింది. సరిగ్గా అప్పుడే అతను నొక్కాడు.

ఇదే అక్క పటం అనుకున్నాను. పెద్ద కాగితం పెట్టి అక్క దగ్గరికి జరిపి మీట నొక్కితే ప్రింటరు మూలిగింది. ఏడాదిగా ముట్టుకోక ఇంకు గడ్డకట్టింది. అక్క మొహం మీద అడ్డంగా తెల్లగీతలు, చీర పచ్చగా మారిపోయింది. దాన్ని కడుక్కోమనే మీట ఒకటి ఉంది, నొక్కుతూనే పోయాను. కడుక్కోవడానికి అది ఇంకునే తాగుతుంది, ఉన్నదంతా అయిపోయింది. బజారుకు పోయి కొత్త ఇంకు తెచ్చాను. మధ్యాహ్నానికి అక్క గీతల్లేకుండా బయటికొచ్చింది. ఎండకు కమిలిన ఆ రంగే, ఆ ముడతలే. నేను పట్టుకుని ఎంతసేపు చూశానో తెలియదు. తడి ఆరకముందే తీసుకుపోయి ఇవ్వడానికి అక్క లేదు కాబట్టి బల్లమీదే ఆరింది.

పక్కింటామె చూసి కళ్ళు తుడుచుకుని, తన ఫోనుతో దాన్ని ఫోటో తీసి పులివెందులకు పంపింది. కాసేపటికే నా ఫోను మోగింది.

"అప్పా, వదిన బాగుండాది. భుజం మింద ఆ చెయ్యి ఎవురిది?"

"నాదే బావా."

"నీదే! నువ్వు బతికుండావు గదా. బతికినోని చెయ్యి పటంలో పెట్టి దండెయ్యొచ్చునా? నీకే మంచిది గాదు. ఆ చెయ్యి తీసేసి తీస్కరా."

ఆ సంగతి నాకు తెలియక కాదు. మా వైపు గుంపులో తీసిన ఫోటో నుంచి పోయినవాళ్ళను విడదీసి పటం కడతారు, పక్కనున్న మనిషి చీర చెంగు కూడా రానివ్వరు. దండ కిందికి వచ్చినవాళ్ళకు ఆయుష్షు తక్కువంటారు. అంతా తెలిసి కూడా నాకు ఆ చెయ్యి కనపడలేదు. నాకు అక్క తప్ప ఏమీ కనపడలేదు.

పక్కింటామె "దీనికేం దిగులు మామా" అని తన ఫోనులో ఏదో తెరిచి, నా చెయ్యిమీద వేలుతో రుద్దింది. చెయ్యి మాయమైపోయింది. ఆ చోట భుజం వచ్చింది, చీర వచ్చింది, చీరమీద పువ్వులు కూడా వచ్చాయి. నేను దగ్గరగా పెట్టుకుని చూశాను. అక్క చీరకు అంచున తప్ప పువ్వుల్లేవు. ఆ భుజం ఎవరిదో. అక్క ఎడమభుజం కొంచెం దిగి ఉంటుంది, ఇది చక్కగా, పడుచుపిల్ల భుజంలా ఉంది. పైగా పక్కన ఎవరూ లేకుండానే ఒరిగి కూర్చున్నట్టుంది.

"వద్దమ్మా. ఇది స్టూడియో పనే. అక్క తిడుతుంది."

"అత్త యాడుంది మామా తిట్టడానికి" అనేసి, తన మాటకు తనే నాలుక కరుచుకుని వెళ్ళిపోయింది.

ఇంక మిగిలింది నా డబ్బానే. దానికి లేనిది పుట్టించడం చేతకాదు. కత్తిరిస్తుంది, వెలుతురు పెంచుతుంది, అంతే. తెరమీద ఒక ఆకుపచ్చ చట్రం వస్తుంది, చట్రంలో ఉన్నదే కాగితం మీదికి వస్తుంది. ఆ చట్రాన్ని పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు, నాలుగు దిక్కులా జరపొచ్చు, కానీ దాని ఆకారం మారదు. ఎడమకు జరిపితే నా వేళ్ళు పోయి అక్క చెవి కూడా పోతుంది. చెవి ఉంచితే నా వేళ్ళు వస్తాయి. జన్మంతా గుడ్డ కత్తిరించిన వాణ్ణి, ఒక్క పోగు తేడా రాకుండా కత్తెర నడిపినవాణ్ణి, ఆ పూటంతా కూర్చుని నా చేతిని నేను కత్తిరించుకోలేకపోయాను. "ఎడమకు జరుపు, శానా జరిపినావు" అని చెప్పే గొంతు లేదు. ఒకటి రెండుసార్లు పైకే అడిగాను, "ఇప్పుడెట్లుంది?" అని.  ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నానని ఏడాది తరువాత ఆ రోజు గట్టిగా తెలిసింది.

చివరికి చట్రాన్ని బాగా చిన్నది చేసి, భుజాలు రెండూ వదిలేసి, వట్టి మొహం వరకే తీసుకున్నాను. చెయ్యి పోయింది. అచ్చు వేశాను. కాగితమంతా మొహమే వచ్చింది. తీసి చూస్తే అక్క ఏడుస్తోంది.

మళ్ళీ చూశాను. అవే మూసుకున్న కళ్ళు, అదే తెరిచిన నోరు, అవే ముడతలు. లోయ, బండ, ఎగిరే కొంగు, పట్టుకున్న చెయ్యి ఉన్నప్పుడు అది నవ్వు. అవన్నీ తీసేస్తే ఏడుపు. వెలుతురు పెంచి ఇంకొకటి వేశాను, వెలుతుర్లో ఏడ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అమ్మ అనేది.

సంవత్సరీకం నాడు పొద్దున్నే ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాను. చంకలో మా అంగడి పాత సంచి, అందులో రెండు కాగితాలు, ఒకటి చెయ్యి ఉన్నది, ఒకటి లేనిది. చెయ్యి లేనిదే ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. పరాయి ఇంట్లో శుభమో అశుభమో తేల్చే హక్కు నాకేముంది? దారిపొడుగునా దాన్ని తీసి చూస్తూనే ఉన్నాను, ఎక్కడైనా నవ్వు కనపడుతుందేమోనని.

అక్కడ బావ పటం పక్కన అదే కొలతకు చట్రం సిద్ధంగా పెట్టారు. మరిది నా చేతిలో కాగితం తీసుకుని, చెయ్యి లేదు కదా అని చూసి, సరే అని భార్యకిచ్చాడు. ఆమె అక్కకు తోడికోడలు. ఆమె కూడా మా అక్కను అక్కా అనే అనేది, నన్ను అన్నా అంటుంది. పట్టుకుని చూసి నిలబడిపోయింది.

"అన్నా, అక్క ఏడుస్తాందేంది?"

నేను నోరు తెరిచేలోపే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మూగారు. ఒక పెద్దామె చేత్తో నోరు మూసుకుని, "అయ్యో తల్లీ, తమ్మునింట్లో ఎన్ని కష్టాలు పడిందో, మొగంలోనే కనపడతాంది" అంది. ఇంకొకామె అవునవునంది.

నా ఒళ్ళు మండిపోయింది. వంద మాటలు నోటిదాకా వచ్చాయి.  సంచిలోంచి రెండోది తీసి ఆ పెద్దామె ముందు పెట్టాను.

"మా ఇంట్లో అక్క ఏడవలేదమ్మా. ఇదో, ఇట్లా ఉండేది."

అందరూ చూశారు. ఎవరో చిన్నగా నవ్వారు కూడా, ఆ నవ్వు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. తోడికోడలు దాన్ని దగ్గరికి తీసుకుంది.

"దేనికి నవ్వినాదన్నా ఇంతగా?"

చెప్పాను. లోయ అంచున కూర్చున్నదీ, పట్టుకోమన్నదీ, పడితే నీకు సంగటి కెలికేదెవురు అన్నదీ. ఆమె పకాలున నవ్వి, ఆ నవ్వుతోనే నన్ను చూసింది.

"ఇప్పుడెవురు కెలుకుతాండారన్నా?"

"ఎవురూ లేరమ్మా. అన్నమే వండుకుంటాండా" అన్నాను. అంతవరకూ పట్టుకున్నది అక్కడ తెగింది. అందరి ముందూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు కూడా అనిపించలేదు.

మరిది మాత్రం వదల్లేదు. "అదంతా సరేగానప్పా, చెయ్యి ఉండాదే. నీ మంచికే చెప్తాండా."

"నా ఆయుష్షు సంగతి నేను చూసుకుంటా బావా. దానికోసం ఎదురుచూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు."

 తోడికోడలే కాగితాన్ని చట్రంలో పెట్టి మేకు కొట్టించింది. చేమంతి దండ తెప్పించి, అందరూ వేసినట్టు రెండుపక్కలా సమంగా కాకుండా, ఒకపక్కకు ఒత్తుగా లాగి భుజం మీదికి వచ్చేట్టు వేసింది. "ఇదో, యాడుంది చెయ్యి? దండ కింద ఏముండాదో దేవునికెరుక" అని మొగుడి వైపు చూసింది. ఆయన గొణుక్కుంటూ అరటాకులు తేవడానికి పోయాడు. నేను దగ్గరికి పోయి చూశాను. పూల మధ్య నా బొటనవేలు కొంచెం కనపడుతూనే ఉంది. నేను చెప్పలేదు.

వచ్చేటప్పుడు ఆమె రాగిపిండి మూట కట్టి ఇచ్చింది. ఎట్లా కెలకాలో చెప్పింది కూడా. ఇంటికొచ్చి కెలికితే ఉండలు కట్టింది. అయినా తిన్నాను.

మరుసటి రోజు పొద్దున ప్రింటరులో మళ్ళీ కార్డు పెట్టాను. ఈసారి చట్రం జోలికి పోలేదు. ఫోటో ఎట్లా ఉందో అట్లాగే మీట నొక్కాను. అక్క, నేను, నా చెయ్యి, నా చొక్కా అంచు పట్టుకున్న అక్క గుప్పిట, వెనక లోయ. తడి ఆరకముందే రెండు చేతులతో పట్టుకుని పక్కింటికి పోయాను.

"దీన్ని నీ దగ్గర పెట్టమ్మా. నాకు పటం కట్టాల్సిన రోజు ఇదే కట్టించు. స్టూడియోకు మాత్రం పోవద్దు."

"పొద్దున్నే ఏం మాటలు మామా అవి!" అని కసిరింది. మళ్ళీ కాగితం వైపు చూసి, నెమ్మదిగా అడిగింది. "అయినా దీంట్లో ఇద్దరుండారు గదా మామా. అత్తను కత్తిరించాల్నా?"

"ఎందుకమ్మా? అప్పటికి ఇద్దరమూ పోయినోళ్ళమే కదా. చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు."